కొంగున కట్టిన గోలీలు

కరుణశ్రీ పెర్కిట్ ఊరి పిల్ల. ఆర్మూర్‌లో మేము పడి ఉన్న దవాఖానలో నర్సు. తండ్రి ప్రభుదాస్ ఆటో నడుపుతాడు. తల్లి ఉన్నన్నాళ్లూ పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయింది. వచ్చి గోలీ ఇచ్చి, కాగితం మీద రాసుకుని పోయే ఈ పిల్లను చూసి, నర్సంటే ఇంతేనా అని మొదటి రోజు మూతి తిప్పాను. విరిగింది నా చెయ్యి, నోరు కాదు.

పక్క మంచం సాయవ్వది. ఇరవై ఏళ్లు పసుపు ఉడకబెట్టిన నడుము, నొప్పితో ఇక లేవనంది. పొద్దునా సాయంత్రం ఆమెకు గట్టి నొప్పిగోలీ. నర్సు ముందు నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. నర్సు అటు తిరగగానే బుగ్గలోంచి తీసి, తుడిచి కొంగున కట్టేది.

"పసుపు ఉడకవెట్టే దినాలకు దాస్తున్న అక్కా. గప్పుడు నాకెవలిస్తరు?"

చూసి ఊరుకున్నాను. ఒక ఆడదాని కొంగు ముడి సంగతి ఇంకొకరికి మోయడం మా ఇంటా వంటా లేదు.

ఐదో రోజు పొద్దున ఆమె మూలుగు విని డాక్టరు డోసు రెట్టింపు చేశాడు. కరుణశ్రీ గోలీలు తెచ్చింది గానీ ఇవ్వలేదు.

"పెద్దమ్మా, దొడ్డికి పోతున్నవా?"

"రోజు సాఫుగ పోతున్న. పొద్దుగాల గదేం ముచ్చటే?"

"గీ గోలీ మింగితే దొడ్డికి రాక కడుపు బిగుస్తది. నీకు బిగుస్తలేదు. కొంగు ముడి ఇప్పు."

సాయవ్వ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ముడిలో ఎనిమిది గోలీలు.

"నొప్పికి ఓర్వలేక ఇయన్ని ఒక్కపారి మింగితే ఊపిరాగుతది పెద్దమ్మా. మా అమ్మ గట్లనే పోయింది."

కన్నీరు పెట్టలేదు ఆ పిల్ల. తిన్నగా డాక్టరు దగ్గరికి పోయి, నాలుగు రోజులు 'మింగింది' అని తాను రాసింది తప్పని చెప్పింది. ఆయన తిట్టిన తిట్లు వార్డంతా విన్నది. పాత డోసే రాయించుకుని, ఒక్క గోలీతో తిరిగి వచ్చింది.

"మింగినవా? నోరు తెరువు. నాలుక లేపు."

"మరి పసుపు దినాలకు?"

"గప్పుడు నా దగ్గరికి రా. డాక్టర్‌సాబ్‌కు చూపెట్టి, చిట్టీ రాయిపిస్త."

ఆ మధ్యాహ్నం సాయవ్వ నొప్పి తగ్గి కాళ్లు చాపుకుని పడుకుంది. మూడో నాటికి, "బిడ్డా, బిగిసిందే!" అని వార్డంతా వినేలా మొత్తుకుంది. కరుణశ్రీ నవ్వగా నేను చూసింది అప్పుడే. నవ్వుతూనే విరేచనం అయ్యే మందు పోసింది.

నాకు తెలిసీ చెప్పలేదని ఆ పిల్లకు తెలుసు. ఒక్క మాట అనలేదు. నేనూ తప్పయిందని అనలేదు. కానీ ఆ రోజు నుంచి గోలీ మింగగానే, అడగకముందే నోరు తెరిచి నాలుక లేపాను.