చావుకూటి పంతులు

వేడి అన్నంలో నల్లనువ్వులు కలిపితే ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం మా వంటగది నిండా అదే. ఆ వాసన తగిలితే చాలు, శాస్త్రి అంకుల్ గుర్తొస్తారు. సిడ్నీలో మా తెలుగువాళ్ళలో ఎవరు పోయినా కర్మ చేయించింది ఆయనే. రైల్వేలో ఇంజినీరు ఉద్యోగం, సెలవు పెట్టుకుని మరీ ఈ పని. వెనకాల జనం పెట్టిన పేరు చావుకూటి పంతులు.

మా ఆయన రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు ముందు వేరే పురోహితుడికి ఫోన్ చేశాను. "ఈ వారం గృహప్రవేశాలున్నాయమ్మా, కుదరదు" అన్నాడు. శాస్త్రి అంకుల్ మాత్రం పిండాలకి అన్నం తనే వండి లంచ్‌బాక్సులో తెచ్చారు. "నువ్వు పొయ్యి దగ్గర నిలబడలేవని తెలుసమ్మా" అన్నారు. అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

తర్వాత ఆయనకి సాయంగా వెళ్ళేదాన్ని. ఓసారి క్రిమటోరియం నుంచి కారులో వస్తూ అడిగేశాను. "అంకుల్, చావుకూటి పంతులని ఆ దిక్కుమాలిన మాట ఎక్కడిది?"

"మా తాత నాటిదమ్మా. పదకొండో రోజు పోయినవాడి స్థానంలో ఒక బ్రాహ్మణ్ణి కూర్చోబెట్టి భోజనం పెడతారు కదా? గతిలేనివాడు తప్ప ఎవడూ ఒప్పుకోడు. మా తాత ఒప్పుకునేవాడు. తిన్నాక పెరటి దారిన పంపేసేవారు. తిన్నది చావుకూడు, అందుకని మనిషికీ అదే పేరు." నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ ఆయనే అన్నారు, "ఒక్కసారి ఎవరైనా శుభకార్యానికి పిలిచి, లోపల కూర్చోబెట్టి పెడితే బాగుండును."

మా అమ్మాయి ద పాండ్స్‌లో ఇల్లు కొన్నప్పుడు ఆయన్ని నేనే పిలిచాను. వియ్యపురాలు గుండెలు బాదుకుంది. "అయ్యో వదినా, గృహప్రవేశానికి ఆయనా!"

"ఆయన రాకూడని ఇంటికి నేనూ రాను వదినా."

"మమ్, ప్లీజ్, డోంట్ మేక్ ఎ సీన్" అంది అమ్మాయి. ఆ మాట ఎవరు మోశారో, అంకుల్ ఫోన్ చేశారు. "పిల్ల కొత్త ఇల్లమ్మా. గొడవొద్దు." ఆయన రాలేదు. నేనూ వెళ్ళలేదు. ఆ చలికాలమే గుండెపోటుతో పోయారు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఆయన కర్మ చేయించిన ఇళ్ళవాళ్ళలో నేను తప్ప ఒక్కరంటే ఒక్కరు రాలేదు, సిగ్గులేని జనం. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నంతలో కర్మ నేనే చేశాను.

అప్పట్నించి కర్మ చేయించమని ఫోన్లు నాకొస్తున్నాయి. ఇవాళ హారిస్ పార్క్‌లో ఒక ఇంటికి వెళ్ళాను. ఇంటి పెద్దాయన పోయాడు. గ్యారేజీలో పిండాలు పెట్టించడం అయ్యాక ఆ ఇంటి కోడలు అక్కడికే ప్లేటు పట్టుకొచ్చింది. "ఆంటీ, ఇక్కడ తినేసి వెళ్ళండి, ఏమీ అనుకోకండి."

"అనుకుంటానమ్మా" అన్నాను. చెప్పులు విప్పి లోపలికి నడిచి, డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్ళందరి మధ్యా కూర్చుని, వడ్డించమన్నాను.