కుళ్ళాయప్ప ఆడించిన అక్షరాలు

ధర్మవరం తాలూకాలో తోలుబొమ్మలాడించే కుళ్ళాయప్పకు దేవుడు ఆస్తిగా ఇచ్చింది గొంతు ఒక్కటే. తెర వెనక ఆయన రాజై గర్జిస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. ముసలి మంత్రై దగ్గితే జనంలోని ముసలివాళ్ళు దగ్గు తమదే అనుకొని గుండెలు రుద్దుకునేవారు. అంతటి గొంతు 1958 ఎండాకాలంలో ఒక జ్వరం వెంట వెళ్ళిపోయింది. జ్వరం దిగింది గాని గొంతు తిరిగి రాలేదు. హిందూపురంలో డాక్టరు నోట్లోకి టార్చిలైటు వేసి, చాలాసేపు గంభీరంగా పరిశీలించి, "కొన్నాళ్ళు మాట్లాడకండి" అని సలహా ఇచ్చాడు. కుళ్ళాయప్ప ఆ సలహాను తుచ తప్పకుండా పాటించాడు. పాటించక చేయగలిగింది కూడా ఏమీ లేదు.

బొమ్మలాటవాళ్ళకు పొలాలుండవు, ఊళ్ళుంటాయి. రొద్దం పక్కన ఒక ఊరు తాతల నాటి నుంచి కుళ్ళాయప్ప ఇంటిది. ఏటా వానలకు ముందు అక్కడ ఒక ఆట ఆడాలి. ఒక్క ఏడు తప్పిందంటే ఊరు మరొకరిదైపోతుంది. ఆ మరొకరు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. రత్నమ్మకు, అంటే కుళ్ళాయప్ప భార్యకు, స్వయానా తమ్ముడు ఓబన్న. నిన్నటిదాకా బావ వెనక తాళం వేసినవాడే.

"నువ్వు పాడతావు, కాదన్ను. మాటలెవురు చెప్తారక్కా? రాజు ఆడగొంతుతో ఉరిమితే జనం నగరా? ఊరు నాకిడిసిపెట్టండి."

"నీ బావకు గొంతు పొయ్యిందిరా, చేతులు ఉండాయి" అంది రత్నమ్మ.

చేతులున్నమాట నిజమే. వాటితో ఆయన పలక మీద రాసి భార్యకు చూపించేవాడు. ఆమెకు చదువు రాదు. సంసారానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని ఇరుగుపొరుగు అభిప్రాయపడ్డారు. ఒకనాడు సంగటి చల్లారిందని రాశాడు. ఆమె అటూ ఇటూ చూసి ఉప్పు తెచ్చింది. కుళ్ళాయప్పకు ఒళ్ళు మండి, పలకను ఆమె మొహం ముందు గడగడ ఆడించాడు.

"అబ్బో! అచ్చరాలకు గూడా కోపమొచ్చిందే!"

ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత అదే పలకను మెల్లగా, వాలిపోతున్నట్టు కిందికి దించాడు. రత్నమ్మ తల పక్కకు వంచి చూసింది.

"ఇప్పుడు ఏడుస్తాండాయి" అంది.

సంగటి మరింత చల్లారింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పూటే ఆయన మేకతోలు నానబెట్టాడు.

తోలు గీకి, ఆరబెట్టి, రాజులకు కిరీటాలు చెక్కిన ఉలితోనే అక్షరాలు చెక్కాడు. ఒక్కొక్కటి మోచెయ్యంత. ఒంటినిండా వెలుగు దూరేందుకు చిల్లులు, చిల్లుల చుట్టూ రంగులు, వెనక వెదురుబద్ద. తెలుగు అక్షరాలకు పొట్టలున్నాయి, నడుములున్నాయి, తలకట్లున్నాయి. అవి బొమ్మలుగా పుట్టవలసి ఉండి పొరపాటున బడిలో చేరాయని ఆయన తీర్మానించుకున్నట్టుంది.

పెట్టె ఎత్తుకొని పెనుకొండ మీదుగా బస్సులో రొద్దం వైపు వెళ్ళారు. చీకటి పడగానే తెర కట్టి, వెనక గ్యాసులైటు పెట్టారు. ముందు వరస మధ్యలో మునసబు సుబ్బరాయుడు కూర్చున్నాడు. ఆట ఆటేనా కాదా అని తేల్చవలసింది ఆయనే. ఆయనకు చదువు వచ్చునని ఊళ్ళో పేరు. ఆ పేరును పరీక్షించే సాహసం అప్పటిదాకా ఎవరూ చేయలేదు. ఆయన పక్కనే ఓబన్న, ఊరు అప్పుడే చేతికొచ్చినవాడిలా కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

రత్నమ్మ మద్దెల మీద దెబ్బ వేసింది. తెర మీదికి రెండు అక్షరాలు, వాటి మధ్య ఎర్రటి సున్నా ఒకటి నడిచివచ్చాయి.

మునసబు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఏమప్పా ఇది, కన్నడమా?" అన్నారు వెనకనుంచి.

"మా మీదికి తొయ్యొద్దబ్బా! కన్నడం ఇట్లుండదు" అని కన్నడసీమ అంచున ఉన్న అగళి నుంచి చుట్టపుచూపుగా వచ్చినాయన మండిపడ్డాడు.

జరిగిన పొరపాటు తరతరాల బొమ్మలాటవాళ్ళకు మాత్రమే సాధ్యమైనది. రాజు బొమ్మకు ఇటువైపూ అటువైపూ ఒక్కటే. తాత గాని, తండ్రి గాని తెర ముందుకు వెళ్ళి చూడవలసిన అవసరం ఏనాడూ పడలేదు. కుళ్ళాయప్ప కూడా ఇంట్లో వెనకనుంచే ఆడించి, వెనకనుంచే తృప్తిపడ్డాడు. ముందున్న ఊరికి అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తున్నాయి.

ఓబన్న గట్టిగా నవ్వాడు. ముందు 'కన్నడమా' అన్న మాట, ఇప్పుడు ఆ నవ్వు కలిసి కుళ్ళాయప్పకు సంగతి తెలిసిపోయింది. వెదురుబద్దల్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పాడు. అక్షరాలు సన్నబడ్డాయి, గీతలయ్యాయి, మాయమయ్యాయి. తర్వాత ఒక్కొక్కటే రేకు విప్పుకున్నట్టు తెరుచుకొని, అటుది ఇటు, ఇటుది అటు చోటు మార్చుకొని, ఊరి వైపు మొహం తిప్పి నిలబడ్డాయి.

ఊరు మెడలు ముందుకు చాచింది.

"ఎం...డ" అన్నాడు మునసబు. ఆయనకు నిజంగానే చదువు వచ్చునన్న సంగతితో జనం సగం చకితులయ్యారు.

మిగతా సగం పని సున్నా చేసింది. అది అక్షరాల మధ్యనుంచి లేచి, పైకి పాకి, తెర నడినెత్తిన నిలిచి మండింది. కింద 'బావి' వచ్చింది. వచ్చి, నీళ్ళు దిగినట్టు దిగి, చివరికి 'వి' నెత్తి మీది గుడి మాత్రం తెర అడుగున మిగిలింది. ఒక మూల చిన్నగా, నీలంగా 'వాన' తొంగిచూసింది. మునసబు చదివాడు. అది సిగ్గుపడి వెనక్కి పోయింది.

"పోనీకండప్పా, పిలవండి!" అని అరిచింది కొండమ్మ. నిరుడు శనగచేను ఎండిన మనిషి. జన్మలో పలక పట్టింది లేదు. ఈసారి ఆ రెండక్షరాలు మూలనుంచి తల ఎత్తగానే మునసబు కంటే ముందు ఆమే "వాన!" అంది. ఆమె వెంట పదిమంది, వాళ్ళ వెంట ఊరంతా. పిలిచినప్పుడల్లా అది కాస్త పెరిగింది, కాస్త దగ్గరికి వచ్చింది. గొంతు లేని మనిషి తెర వెనక ఉంటే, ఆయన చెప్పవలసిన మాటను ఊరు ఊరంతా చెబుతోంది. నడినెత్తిన సున్నా పక్కకు జారింది. దారాలకు కట్టిన చిన్న చిన్న నీలి సున్నాలు తెర నిండా కురిశాయి. మొదటి వరసలో ఒక ముసలాయన కండువా నెత్తికి కప్పుకున్నాడు.

ఆ రాత్రి నిజంగా వాన పడిందని రాస్తే చాలా బాగుండేది. పడలేదు.

దీపం సర్దుకునే వేళ మునసబు గొంతు సవరించుకున్నాడు. "బాగుండాది. అయితే ఆటగాడు మాట చెప్పల్ల గదా. మాట లేందాన్ని ఆటంటామా?"

"మాట యాడ లేదు సామీ?" అంది కొండమ్మ. "మేమంతా చెప్తిమే. నీ గొంతే అందరికంటే పెద్దగా ఇనపడె."

మునసబు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తన పాండిత్యానికి ఇంతమంది సాక్షులు దొరికిన సందర్భం మళ్ళీ రాకపోవచ్చు. "ఊరు కుళ్ళాయప్పదే" అని ప్రకటించాడు.

ఓబన్న లేచి తెర వెనక్కి వెళ్ళాడు. రత్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమిరా, ఇంగా ఏం కావల్ల?"

"బావను ముందరికి పొమ్మనక్కా" అన్నాడు ఓబన్న, మొహం పక్కకు తిప్పుకొని. "ఆయప్ప యాడ చూసినాడు దీన్ని? ఆ దారాలిట్లియ్యి. వాన నేను కురిపిస్తా."

కుళ్ళాయప్ప వచ్చి జనం మధ్య కొండమ్మ పక్కన కూర్చున్నాడు. తెరను ముందునుంచి చూడటం ఆయన జీవితంలో అదే మొదలు. అక్షరాలు అటునుంచి నడిచి వచ్చాయి. ఊరంతా మళ్ళీ "వాన!" అని అరిచింది. ఆయన నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాడు. పెదవులు మాత్రం అందరితో పాటే కదిలాయని కొండమ్మ తర్వాత చెప్పింది.