తవ్వెడు బియ్యం, మూడు గురువారాలు

మా మనవరాలు ఆదివారం ప్రసంగాన్ని సెల్‌ఫోనులో రెండింతల వేగంతో వింటుంది. పోయిన వారం నేను వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, గట్టు మీద ఫోను ఆనించి పెట్టి నా ఎదురుగానే ఆ పని చేసింది. మా పాస్టరుగారు పాపం నిదానంగా మాట్లాడే మనిషి. ఆయన గొంతు కాస్తా పిచ్చుక గొంతయి, విశ్రాంతి అన్న మాటను కూడా పరిగెత్తుకుంటూ పలికింది. ఇదేమి వినడమే అంటే, నలభై నిమిషాలది ఇరవైలో అయిపోతుంది కదా అమ్మమ్మా, ఇరవై మిగిలినట్టే కదా అంది. ఆ మిగిలిన ఇరవై నిమిషాలు ఏం చేసుకుంటావని నేను అడగలేదు. ఆ తెలివి దానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అరవై ఏళ్ల కిందట నేనూ దేవుడి దగ్గర ఇట్లాగే కాలం మిగుల్చుకున్నాను. దానికి మా అత్తగారు నన్ను క్షమించలేదు. ఊరందరి తప్పుల కోసం మోకాళ్లూనిన మనిషి, నన్ను మాత్రం ఒక్క మాటతోనైనా క్షమించలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యాభైల చివర నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. మైపాడు రోడ్డులో బస్సు దిగి, కాలువ గట్టు మీద మైలున్నర నడిస్తే మా ఊరు. ఒక పక్క వరి కయ్యలు, రెండో పక్క ఉప్పు మడులు, వాటి వెనక సముద్రం. నేను నెల్లూరులో హాస్టల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని పెరిగినదాన్ని. టీచరు ట్రైనింగ్ అయి, ఆ ఊరి బడిలోనే ఉద్యోగం దొరికితే మా నాన్న చేతి గడియారం కొనిపెట్టాడు. మా ఊళ్లో ఆడమనిషి చేతికి గడియారం అదొక్కటే. మా అత్తగారు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించే పని చేసి మానుకున్న మనిషి. ఊరు ఆమెను బైబిలమ్మ అనేది. ఆమె నిదానం గురించి చెప్పాలంటే నాకు ఓపిక చాలదు. అన్నం ముందు ఆమె చేసే ప్రార్థనను గడియారం పెట్టి చూశాను, నాలుగున్నర నిమిషాలు. ఆమేన్ అనేసరికి చారు చల్లారి పైన తెట్టు కట్టేది. పది నిమిషాల దూరంలో ఉన్న గుడికి ముప్పావు గంట నడిచేది. దారిలో కనిపించిన ప్రతి మనిషినీ పలకరించేది, మనిషి లేకపోతే గేదెను పలకరించేది. ఆమె వెనక నడవడం నాకు నరకంగా ఉండేది, ఆ మాట మా ఆయనతో అంటే నవ్వి ఊరుకునేవాడు.

మా ఇళ్లలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. పూటకు ఎసట్లో పోయడానికి కొలుచుకున్న బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, వేరే ముంతలో వేయాలి. ఆదివారం ఆ ముంతను గుడికి తీసుకుపోయి దేవుడికి ఇవ్వాలి. అందరిళ్లలో అది చిటికెలో అయిపోయే పని. మా అత్తగారికి కాదు. ఆమె ఆ పిడికిలి మూసి, కళ్లు మూసి, ఒక మనిషి పేరు తలుచుకునేది. సోమవారానికి ఒకరు, మంగళవారానికి ఒకరు, అట్లా వారానికి సరిపడా మనుషులు ఉన్నారు ఆమెకు. పొద్దున ఎవరి పేరున పిడికిలి వేసిందో సాయంత్రం వాళ్లింటికి నడిచిపోయేది. చూసి వచ్చాక, రాత్రి వంటకు తీసే పిడికిలి అదే పేరున వేసేది. ఎసరు కాగి కాగి నీళ్లు ఇగిరిపోతున్నా ఆమె పిడికిలి తెరుచుకునేది కాదు. నాకు తొమ్మిదింటికి బడి. పొయ్యి దగ్గర నిలబడి పళ్లు కొరుక్కునేదాన్ని.

గురువారం మనిషి ఉప్పు మడుల దగ్గర గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలామె. ఆమెకున్న ఒక్క కూతురు మా గుడికి రావడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకుని, నర్సు చదువుకని ఎక్కడికో దూరం వెళ్లిపోయింది. తల్లి కూతుర్ని కాదనుకుంది. ఆ ఉసురంతా మా అత్తగారి మీద పోసింది. గురువారం సాయంత్రం గుడిసె బయట ఒక పీట వేసి ఉండేది. లోపలికి మాత్రం రానిచ్చేది కాదు, ఎందుకో మా అందరికీ తెలుసు. మా అత్తగారు ఆ పీట మీద కూర్చునేది, ముసలామె గడపలో కూర్చుని గంటసేపు తిట్టేది. ఒకసారి నన్ను వెంట తీసుకుపోయింది. నా బిడ్డను మాటలతో ఎత్తుకపోయినావు, నీ బిడ్డ నీకు దూరమైతే తెలుస్తుంది అని మొదలుపెట్టి, కొత్తగా వచ్చిన నన్నూ, నా గడియారాన్నీ కలుపుకుని తిట్టింది. మా అత్తగారు ఒక్క వాక్యమైనా చదవలేదు, ఒక్క మాటైనా బదులు చెప్పలేదు. పొద్దు వాలాక లేచి, వస్తానమ్మా అని చెప్పి బయల్దేరింది. దారిలో నేను ఉండబట్టలేక, పదేళ్లుగా తిట్లు తినడానికి ఇంత దూరం నడిచి ఏం సాధించినారు అని అడిగాను. ఆమె ఎదురొచ్చిన గేదెను పలకరించాక చెప్పింది.

"తిట్టేదానికైనా ఒక మనిషి కావాల గదమ్మా. ఆమెకి నేను తప్ప ఎవురుండారు?"

ఆ తర్వాత రెండేళ్లకు ఆమె కళ్లల్లో పొరలు వచ్చాయి. నెల్లూరులో ఆపరేషను. ఆ రోజుల్లో తలకు రెండు పక్కలా ఇసక మూటలు పెట్టి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవాళ్లు. మా ఆయన సెలవు పెట్టి తల్లి దగ్గర ఉన్నాడు. బయల్దేరే ముందు ఆమె నన్ను కూర్చోబెట్టి ఏ రోజు ఎవరో వరసగా చెప్పింది, నాచేత తిరిగి చెప్పించుకుంది. గురువారం మాత్రం తప్పొద్దమ్మా, తిడితే తిట్టనీ, పోయి కూర్చోనిరా అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. ఆ ముసలామె ఊళ్లో ఎవరితోనూ మాటలు లేని మనిషి, బైబిలమ్మ ఆసుపత్రికి పోయిన సంగతి ఒకరు చెబితే తప్ప ఆమెకు తెలియదు. ఆ చెప్పాల్సిన ఒక్కదాన్నీ నేనే.

మొదటి గురువారం బడి నుంచి అటే బయల్దేరాను. కాలువ గట్టు దాకా పోయాను. అక్కణ్ణించి చూస్తే తెల్లగా ఉప్పు కుప్పలు, వాటి పక్కన గుడిసె, గుడిసె ముందు పీట. పీట వేసి ఉంది. చూశాను. కావాలని నడిచిపోయి తిట్లు తిని రావడానికి నాకేం ఖర్మ అనుకుని వెనక్కి తిరిగాను. బడిలో ఇన్‌స్పెక్షను రోజులు, దిద్దాల్సిన పలకలూ పుస్తకాలూ కొండంత ఉన్నాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒకసారి పేర్లు మానేశాక పిడికిళ్లు మాత్రం ఎందుకనిపించింది. పూటకో పిడికెడు, వారానికి పద్నాలుగు పిడికిళ్లు, కొలిచి చూస్తే తవ్వెడు. శనివారం సాయంత్రం తవ్వ నిండా ఒక్కసారే కొలిచి ముంతలో పోస్తే దేవుడికి ఒక్క గింజ తక్కువ కాదు, నాకు రోజూ ఎంతో సమయం కలిసొస్తుంది. ఇంత చిన్న ఉపాయం ఇంతకాలం ఏ ఆడదానికీ తట్టలేదేమని నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు ఆదివారాలు అట్లాగే ముంత గుడికి తీసుకుపోయాను, ఎవరూ ఏమీ అనలేదు.

మూడో శనివారం నేను తవ్వెడు కొలిచి ముంతలో పోసిన కాసేపటికి, పొద్దుగూకే ముందు, మా అత్తగారు ఇంటికి వచ్చింది. కళ్లకు అడ్డంగా పచ్చగుడ్డ వేలాడుతోంది, ఇంకా ఏమీ చూడకూడదు. తడుముకుంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చి, ముంత ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలుసు గనక, అందులో చెయ్యి పెట్టింది. వేళ్లతో బియ్యాన్ని పైకీ కిందికీ తిప్పింది. ఆ వారం మంగళవారంతో మా మొలగొలుకుల సన్న బియ్యం బస్తా అయిపోయింది. బుధవారం మా ఆయన బట్టల కోసం ఇంటికి వచ్చి, అంగట్లో దొరికిన లావు బియ్యం తెచ్చి పడేసి పోయాడు. ఆ సంగతి ఆయనే బస్సులో తల్లికి చెప్పాడట. రోజూ పిడికిలి వేసి ఉంటే ముంత అడుగున సన్న బియ్యం ఉండాలి. ఆమె వేళ్లకు అడుగుదాకా లావు గింజలే తగిలాయి.

"సోమవారం మనిషీ మంగళవారం మనిషీ యాడికి పోయినారమ్మా?" అంది.

నేను పొయ్యి వైపు తిరిగి కట్టె ఎగదోశాను. గురువారం పోయినావా అని అడిగింది. పోయినాను అన్నాను. గుడ్డ వెనక ఆమె కళ్లు కనిపించలేదు, అదే అదృష్టమనుకున్నాను. మర్నాడు ఆమె గుడికి ముంత తీసుకురాలేదు. ఆరాధన అయ్యాక ఇంటికి కాకుండా కాలువ గట్టు వైపు తిరిగి, నా మోచేయి పట్టుకుని, పోదాం పా అంది. డాక్టరు ఎండ వద్దన్నాడని చెప్పినా వినలేదు. అంత నిదానంగా నేను జన్మలో నడవలేదు. ఒక్కో అడుగుకూ నా అబద్ధం దగ్గరికి వస్తోందని తెలిసి నడిచాను. గుడిసె తడికకు తాడు కట్టి ఉంది. బయట పీట అట్లాగే ఉంది, దాని మీద ఉప్పు దుమ్ము. పక్క మడిలో ఉప్పు గోకుతున్న ఒకామె పార దించి వచ్చి చెప్పింది. చిట్టమూరు పక్క ఏదో పల్లె నుంచి ముసలామె తమ్ముడి కొడుకు వచ్చి, ఇంక నాతోనే ఉండమని పిలిచాడట. గురువారం పోనీ అని రెండుసార్లు అతన్ని ఉత్త చేతులతో పంపేసిందట. మూడోసారి వచ్చి, మొన్న శుక్రవారం తీసుకుపోయాడు.

"కూతురు కాడినించి కార్డొచ్చిందమ్మా," అంది ఉప్పు మడి ఆమె. "కొంగున ముడేసుకోనుండాది. చదువుతామంటే ఎవురికీ ఇయ్యలా. ఆ బైబిలమ్మొచ్చి చదవాల, దాన్ని నాలుగు తిట్టి చదివించుకుంటా అనింది. మూడు గురువారాలు పీటేసుకోని ఆడనే కూసునింది. నువ్వేమో రాకపోతివి."

మా అత్తగారు పీట మీద దుమ్ము చేత్తో తుడిచి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు, ఆ ఒక్కరోజు నేను గడియారం చూడలేదు. తర్వాత ఆమె కొడుకును తీసుకుని రెండుసార్లు చిట్టమూరు దాకా పోయి వచ్చింది. పల్లె పేరు తెలియనిదే ఎవరినని అడుగుతారు? ఆ కార్డులో కూతురు ఏం రాసిందో, దాన్ని ఎవరైనా చదివి పెట్టారో లేదో మాకెప్పటికీ తెలియలేదు. నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. అంటే నాకు కాస్త ఊపిరి ఆడేది. బియ్యం ముంతను మాత్రం వంటింట్లోంచి తీసుకుపోయి తన మంచం కింద పెట్టుకుంది. పూటపూటా తనే వచ్చి పిడికెడు తీసుకుపోయేది, నేను కొలిచి ఉంచిన బియ్యం మీద నా చెయ్యి ఉంటే నేను తీసేదాకా ఆగేది. నాకు కోపం వచ్చేది. నేనేమన్నా హత్య చేశానా? బడి, వంట, ఇన్‌స్పెక్షను అన్నీ నా నెత్తిన వేసి పోయింది ఎవరు?

కొన్నాళ్లకు కొత్త పని మొదలుపెట్టింది. గురువారం నాలుగింటికి నేను బడి నుంచి వచ్చేసరికి, వంటింటి గుమ్మం బయట పీట వేసుకుని కూర్చునేది. ఏమీ మాట్లాడదు. గిన్నెలు దబదబా పెట్టాను. పొగ అటు పోయేట్టు పొయ్యి ఊదాను. కదల్లేదు. మూడో వారమో నాలుగో వారమో నాకు నోరు లేచింది. అన్నీ అన్నాను. ఆమె నిదానాన్ని, ఆమె ప్రార్థనను, ఆమె కొడుకు చేతగానితనాన్ని, మూడేళ్లయినా నా కడుపు పండలేదని ఊరివాళ్లు అంటుంటే ఆమె నోరు మెదపకపోవడాన్ని. ఆమె వింది. దీపం పెట్టే వేళకు లేచి, వస్తానమ్మా అని, పొరుగూరు పోతున్నట్టు చెప్పి ముందు గదిలోకి పోయింది. ఆ పై వారం మళ్లీ వచ్చింది. పిల్లలు పుట్టారు, మా ఆయన బదిలీ మీద పోయి తిరిగి వచ్చాడు, గురువారాలు మాత్రం ఆగలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, వారమంతా తిట్లు కూడబెట్టుకునేదాన్ని.

ఒక పొద్దున ఆమె మంచం పక్కన నిలబడి పిడికిలి వేస్తుంటే పెదాల కదలిక కనిపించింది. ఆ రోజు గురువారం. ఆ పేరు నాది. నన్ను తీసుకుపోయి ఆ ఉప్పు మడుల ముసలామె వరసలో నిలబెట్టిందని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను మీకు పగదాన్నా అని అడిగాను. ఆమె పిడికిలి విప్పి, గింజలు ముంతలో జారేదాకా చూసి, సాయంత్రం వస్తాలేమ్మా అంది. అంతే.

అరవైలు ముగిసేలోపే, ఒక ఆదివారం గుడి నుంచి వస్తూ, ఎవరినో పలకరించడానికి ఆగి, ఆగినచోటే కూలబడి ప్రాణం విడిచింది. మనుషులు వచ్చారు, పోయారు. ఆ గురువారం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మం బయట పీట వేశాను. వేశాకగాని నాకు తెలియలేదు. ఇంత మంది వచ్చిన ఇంట్లో నన్ను ఒంటరిగా వదిలి ఎట్లా పోయారని, నోటిదాకా వచ్చిన తిట్లు చాలా ఉన్నాయి. వినే మనిషి లేదు. మరుసటి గురువారమూ వేశాను, ఆ పై గురువారమూ వేశాను. మూడోసారి పీట ఎత్తుతున్నప్పుడు ఉప్పు దుమ్ము పట్టిన ఆ ఇంకో పీట గుర్తొచ్చి, గడపలో కూర్చుని ఏడ్చాను. ఆ ముసలామె కోసం ఏడ్చానో, మా అత్తగారి కోసమో విడదీసి చెప్పలేను.

ముంత ఇప్పుడు నా దగ్గర ఉంది. ఈ పొద్దున మనవరాలు తొందరపడుతుంటే, ఎసరు కాగుతుంటే, పిడికిలి మూసుకుని నిలబడ్డాను, అది ఫోనులో టైము చూసుకుంటూ పళ్లు కొరుక్కుంది. నా పడుచుతనంలో మిగుల్చుకున్న నిమిషాలన్నీ ఏమయ్యాయో ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు గాని, మా అత్తగారు గుమ్మం బయట కూర్చుని పోగొట్టుకున్న గంటలు మాత్రం ప్రతి గురువారం నాలుగింటికి వచ్చి నా ఎదురుగా కూర్చుంటాయి.