ఉస్తాద్ గాలిలోకి వదలని గ్యాస్

మా ఉస్తాద్ పోయారని ఆయన భార్య మొన్న గురువారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. "తెల్లారంగ పోయిండు బిడ్డా, జర జల్ది రా" అంది. అప్పుడు నేను జహీరాబాద్‌లోనే ఒక బట్టల షాపు పైన పాత ఏసీ విప్పుతున్నాను. వెంటనే నిచ్చెన దిగలేదు. ఆ ఇంటికి వెళ్లాలంటే నాకు మూడేళ్లుగా మొహం చెల్లడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవారు. ఐటీఐ అయ్యాక ఆరేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. పాత ఏసీ విప్పేటప్పుడు లోపలి గ్యాస్‌ను మాలో చాలామంది గాలిలోకి వదిలేస్తారు. నట్టు వదులు చేస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. ఆయన మాత్రం మిషన్ పెట్టి, ఆ గ్యాస్‌ను లాగి సిలిండర్‌లో పట్టేవారు. ఒక్కోదానికి అరగంట, ముప్పావుగంట పట్టేది. ఎండకు వేడెక్కకుండా సిలిండర్ మీద తడి గోనెసంచి కప్పి, పక్కన కూర్చుని తీరిగ్గా జొన్నరొట్టె తినేవారు. మిగతా మెకానిక్‌లు "గ్యాస్ పట్టెటాయన" అని నవ్వేవాళ్లు. ఆయన లేనప్పుడు నేనూ నవ్వాను.

పనిలో చేరిన మొదటి వారమే అడిగాను, ఇంత తిప్పలు ఎందుకని.

"ఇక్కడికెల్లి చిరాగ్‌పల్లి ఎంత దూరం ఉంటది?" అన్నారు.

"పది పన్నెండు కిలోమీటర్లు ఉంటది ఉస్తాద్."

"గంత దూరం నెత్తి మీదికి పో. మబ్బులు, వాన, మనం పీల్చే గాలి, శానమట్టుకు గంతల్నే అయిపోతయి. ఇంకో గంత పోతే ఓజోన్ ఉంటది. ఎండల ఉన్న విషాన్ని అది ఆపుతది. ఇంకా శాన పైకి పోతే చుక్కలు రాలి కాలిపోయే జాగ. గివన్ని ఒకదాని మీద ఒకటి ఉన్నయి కాబట్టే బతికినం. మనం ఇడిచిన గ్యాస్ ఏండ్లకేండ్లు తిరిగి, ఆ ఓజోన్ కాడికి పోయి దాన్ని తింటది."

"మన ఒక్క ఏసీతోని ఏమైతది?"

ఆయనకు కోపం రాలేదు. రోడ్డవతల చెరుకు కొడుతున్న కూలీలను చూపించారు. "వాళ్లకు ఏసీ లేదు. పొద్దందాక ఎండలనే ఉంటరు. నెత్తి మీద ఉన్న కప్పు గదొక్కటే. దానికి బొక్క పెట్టి మనం సల్లగ కూసుందమా?"

నేను తల ఊపాను. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

మూడేళ్ల కిందట, ఎండాకాలంలో, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్లో పాత ఏసీలు తీసే పని నాకు దొరికింది. అప్పటికి నాకు సొంత షాపుంది. మోకాళ్ల నొప్పులతో ఆయన పని మానేశారు. అయినా అవి ఓజోన్‌ను తినే పాత రకం గ్యాస్‌వని తెలిసి, మోపెడ్ మీద మిషన్ కట్టుకుని వచ్చారు. మూడింటి గ్యాస్ పట్టాం. నాలుగోది మిగిలింది. నాకు ఫోన్ మీద ఫోన్ వస్తోంది, తల మాడిపోతోంది. ఆయన నీళ్లు తాగడానికి కిందికి దిగారు. నేను నట్టు వదులు చేశాను. గ్యాస్ బుస్సుమని పోయింది.

ఆయన మెట్లెక్కి రాగానే, "ఇది ముందే లీకై ఖాళీ అయింది ఉస్తాద్" అన్నాను.

గ్యాస్ అలా ఒక్కసారిగా బయటికొస్తే దానితోపాటు నూనె చిమ్ముతుంది. గోడ మీద చేటంత మరక, ఇంకా కారుతోంది. మా పనిలో నెలరోజులు ఉన్నవాడికైనా తెలిసిపోతుంది. ఆయన మరకను చూశారు, నన్ను చూశారు. భుజం మీది తువ్వాలు తీసి గోడ తుడిచారు. "ఓనర్ చూస్తే నిన్ను అంటడు" అన్నారు. వెళ్లేటప్పుడు మిషన్ తీసుకుపోలేదు. "నా మోకాళ్లతోని ఇగ కాదు, నీ దగ్గర్నే ఉండనీ" అన్నారు.

తిట్టి ఉంటే ఆ రోజే ఒప్పుకునేవాణ్నేమో. తిట్టలేదు కాబట్టి తప్పించుకు తిరిగాను. సిగ్గుతోనైనా మారాల్సింది, మారలేదు. ఒకసారి వదిలిన చేతికి రెండోసారి అలవాటైపోయింది. మిషన్ షాపు మూల దుమ్ము పట్టింది. ఆయన పోయారన్న ఫోన్ వచ్చిన పొద్దున కూడా నేను నట్టే వదులు చేస్తున్నాను.

ఆయన ఇంటి ముందు షామియానా కింద ఒకతను నా పక్కకొచ్చి కూర్చున్నాడు. రాయికోడ్‌లో కొత్తగా షాపు పెట్టాడట.

"గ్యాస్ పట్టుడు నేర్పమని పోయిన నెల ఉస్తాద్ దగ్గరికి వచ్చిన అన్నా. నీ పేరు చెప్పి, నాతోని ఇగ కాదు, మిషన్ గూడ ఆయన దగ్గర్నే ఉంది, పోయి నేర్చుకో అన్నరు. గ్యాస్ ఇడువనోడు నువ్వొక్కనివే అని చెప్పిన్రు." కాస్త ఆగి అడిగాడు. "నిజంగనే ఒక్కసారి గూడ ఇడువలేదా అన్నా?"

అన్నీ తెలిసిన మనిషి ఆ మాట చెప్పి పోయారు. నా పరువు కాపాడారో, నేనిక దారికి వస్తానని నమ్మారో తెలియదు. గోడ అవతల ఆయన్ని పడుకోబెట్టి ఉంచారు. లోపల ప్రార్థన నడుస్తోంది.

"లేదు" అన్నాను.

ఫంక్షన్ హాల్లో ఆడిన అబద్ధం కన్నా ఇదే పెద్దది. రెండోదాన్ని తుడవడానికి ఆయన లేరు.

ఆ రాయికోడ్ అతను సోమవారం వస్తానన్నాడు. మిషన్ బయటికి తీయకముందే ఈ కాగితాలు అతని చేతిలో పెడతాను. చివరి వాక్యం దాకా చదివి తలెత్తేంతవరకు, అతని ఎదురుగా నిలబడి ఉంటాను.