కట్టని గది

బత్తాయిల వాసన మళ్లీ వచ్చింది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ ఎత్తేసి ఏళ్లయింది. అయినా నిన్న మధ్యాహ్నం, తలుపులన్నీ మూసి ఉన్న నా ఆఫీసులో ఎండకు మగ్గిన బత్తాయిల వాసన నిండిపోయింది. నాకు పన్నుల పని నేర్పిన యాదగిరి సార్ ఆఫీసు ఆ మార్కెట్ ఎదురుగానే ఉండేది. మార్కెట్ పోయిన మరుసటి ఏడే ఆయనా పోయారు. వాసన వచ్చేసరికి నేను తుర్కయంజాల్‌లో అమ్మిన మా రెండో ఇంటి పన్ను లెక్క వేస్తున్నాను. "సార్, గిప్పుడే రావాల్నా?" అని పైకే విసుక్కున్నాను.

విసుగు మరి రాదా? అమ్మిన లాభం మీద పన్ను మొత్తం కట్టేస్తే, ఎల్బీనగర్‌లో బేరం కుదిరిన సొంత ఆఫీసు గది చేజారినట్టే. ఇన్నేళ్లూ నాది కిరాయి గదే. ఇంటికి పెట్టిన ఖర్చు ఎక్కువ చూపిస్తే లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. అందుకే మా ఆయన ఓ సలహా పారేశాడు: "పైన ఒక రూం కట్టినమని రాయి. ఎవరొచ్చి చూస్తరు?"

సార్ వచ్చి చూసేవారు. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టిన మనిషి, చేత్తో తాకనిదేదీ నమ్మేవారు కాదు. ఇల్లు అమ్మినవాళ్లు ఫలానా గది కట్టించామంటే చాలు, నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని పోయి, ఆ గోడ మీద వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి నిలబడేవారు. నాకు నవ్వాగేది కాదు. "లోపల ఎవరున్నరు సార్?" అంటే, "అడుగుతున్న గదా, జర ఆగు" అనేవారు.

వనస్థలిపురంలో నా నవ్వు పోయింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ సుబ్బలక్ష్మి గారు తన రెండో ఇల్లు అమ్మారు. కొన్నవాళ్లు ఇంకా దిగలేదు. వెనక గదికి తాళం వేసి ఉంది. దాని ఖర్చు ఆవిడ మాకు చెప్పనే లేదు.

"అది లెక్కలో వద్దండీ. మావారు ముచ్చటపడి కట్టించారు. అందులో అడుగుపెట్టకుండానే పోయారు. దాన్ని కూడా అమ్ముకున్నానని ఎలా రాసుకోనండీ?" అన్నారు.

సార్ వెళ్లి గోడ మీద కొట్టారు. ఠక్, ఠక్.

లోపలి నుంచి ఎవరో తిరిగి కొట్టారు.

తాళం తీసి చూస్తే కొత్త సున్నం వాసన తప్ప ఏమీ లేదు. సార్ మాత్రం చెప్పులు బయటే విడిచి, ఆవిడ వైపు తిరిగి మెల్లగా అన్నారు: "అమ్మా, ఉన్నది ఉన్నట్టే రాయమంటున్నడు." ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. తర్వాత బిల్లులు తెచ్చి ఇచ్చారు.

"ఎవరు సార్ కొట్టింది?" అని తిరిగొస్తూ స్కూటర్ మీద అడిగాను.

"నాకేం ఎర్క బిడ్డా? ఉన్న గది లేదంటేనే ఊకోలేదు. లేనిది ఉన్నదంటే ఊకుంటదా?"

నిన్న ఆ మాట పక్కన పెట్టి, లేని గదికి ఖర్చు వేసేశాను. వేశాక కుదురుగా కూర్చోలేకపోయాను. ఎండ ఉండగానే తుర్కయంజాల్ వెళ్లి, కొన్నవాళ్లను అడిగి డాబా ఎక్కాను. కొట్టి చూద్దామన్నా అక్కడ గోడే లేదు. ఊరికే చెయ్యెత్తి, పిచ్చిదాన్నని నన్ను నేనే తిట్టుకుని దించాను. అప్పుడు నా మొహానికి జానెడు దూరంలో, ఉత్త గాలిలోంచి వినిపించింది. ఠక్, ఠక్.

ఈ ఉదయం పన్ను మొత్తం కట్టేశాను. ఎల్బీనగర్ గది ఇంకెవరో కొనుక్కుంటారు. కడుపు మండుతూనే ఉంది, దాచను. ఎవరొచ్చి చూశారని మా ఆయన ఇంకా సణుగుతున్నాడు. నేను ఈ కిరాయి గదిలోనే కొత్త లెక్క ముందు కూర్చుని, బల్ల మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి ఆగుతున్నాను. ఏమీ వినపడకపోతేనే కలం తీస్తున్నాను.