రెండో లెక్క

ఆ వర్క్‌షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిన్నుల లెక్కలు వేస్తుంది కాబట్టి అందరికీ పిన్ని. ఆమె కంటే వయసులో పెద్దవాడైన లేత్ మేస్త్రీ కూడా నోరారా పిన్నీ అనే పిలుస్తాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరినో అనుకుని పక్కకు తిరిగి చూసేదాకా వచ్చింది.

ఆమె లెక్కగట్టే పిన్నులు విరగడానికే పుట్టినవి. మోటారుకీ అది తిప్పే యంత్రానికీ మధ్య వేలెడంత పిన్ను ఉంటుంది. యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే ముందు పిన్ను తెగాలి, మోటారు బతకాలి. మరీ గట్టిదైతే పిన్ను మిగిలి మోటారు కాలిపోతుంది. మరీ మెత్తనిదైతే ఊరికే తెగి పని ఆగిపోతుంది. ఎంత బలానికి తెగాలో అంతకే తెగేలా దాని లావు ఎంతుండాలో చెప్పడం పిన్ని పని. లోకంలో ఎవరైనా తమ సరుకు గట్టిదని గొప్పలు పోతారు, ఈవిడ మాత్రం సరిగ్గా విరిగిందని మురిసిపోయేది.

అక్కడొక పద్ధతి ఉండేది. ఒక్కో పిన్నుకు ఇద్దరు విడివిడిగా లెక్క వేయాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ఇద్దరూ కాగితాలు ఒకేసారి తిరగేసి, జవాబులు కలిస్తేనే మేస్త్రీకి ఇస్తారు. మొదటి లెక్క పిన్నిది, రెండోది ఆమె చెల్లెలిది. డ్రాయింగు మీద సంతకం మాత్రం పిన్నిదే. రెండో లెక్కకు సంతకం ఏమిటని ఎవరూ అనుకోలేదు, పిన్ని అసలే అనుకోలేదు.

చెల్లెలికో అలవాటు. పెన్సిలు పట్టగానే, "ఎన్ని చోట్ల తెగుతుందక్కా?" అని అడిగేది. నడుమ ఒక పలక, దానికి అటూ ఇటూ రెండు పలకలు పట్టుకున్న పిన్ను తెగాలంటే రెండు చోట్లా తెగాలి, కాబట్టి రెట్టింపు బలాన్ని తట్టుకుంటుంది. ఒక్క పలక పక్కన ఒక్క పలకే ఉంటే ఒక్కచోట తెగితే చాలు. వాళ్ళ దగ్గరకు వచ్చేవన్నీ దాదాపు మొదటి రకమే. అందుకే పిన్ని ఆ ప్రశ్నకు విసుక్కునేది, కళ్ళున్నాయిగా చూసుకోమనేది.

ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ చెల్లెలు చల్లగా కబురు చెప్పింది. వేరే ఊళ్ళో క్రేన్లు చేసే కంపెనీ రమ్మంటోందట. పిన్నికి ముక్కు మీదే కోపం. "పోతే పో. నువ్వు లేకపోతే ఇక్కడ పిన్నులు తెగవా?" అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. చెల్లెలు మడతలు పూర్తిచేసి, తనవి పెట్టెలో సర్దుకుంది. వెళ్ళాక కొన్నాళ్ళు ఫోన్లు చేసింది. పిన్ని ఊఁ, ఆఁ అని పొడిపొడిగా ముగించేది. ఫోను పెట్టేశాక మాత్రం దాన్నే చూస్తూ కూర్చునేది. ఆ తర్వాత ఫోన్లూ ఆగిపోయాయి.

మేనేజరు ఇంకొకరిని వేస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. రెండో లెక్కా తనే వేస్తానంది. పొద్దున తన కుర్చీలో కూర్చుని వేసేది, మధ్యాహ్నం చెల్లెలి కుర్చీలోకి మారి మళ్ళీ వేసేది. వాదీ తనే, జడ్జీ తనేనని మేస్త్రీ నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ. ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటే చూడలేకపోయేది, అంతే. ఇంటి దగ్గరా ఇంకా ఇద్దరికి సరిపడా బియ్యమే కడిగేది, చెల్లెలు గుర్తొస్తే ఆకలి చచ్చిపోయేది.

అలా ఉండగా రాళ్ళు నలిపే యంత్రంవాళ్ళు ఫోను చేశారు. కొత్త పిన్నులు పెట్టినవి పెట్టినట్టే తెగిపోతున్నాయట, పని సాగడం లేదట. పిన్ని లెక్క తిరగేసింది. తప్పు లేదు. మళ్ళీ వేసింది, అదే జవాబు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇనుములోనే లోపముందని వాదించింది.

మర్నాడు మేస్త్రీ అక్కడికి వెళ్ళి, తెగిన పిన్ను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. రెండు ముక్కలు.

"మూడోదేదీ?" అంది పిన్ని.

"అన్నీ ఇంతే పిన్నీ. రెండేసి ముక్కలే."

పిన్ని ఆ ముక్కలు రెండూ కలిపి పట్టుకుని చూసింది. రెండు చోట్ల తెగితే మూడు ముక్కలవుతాయి. ఇది తెగింది ఒక్కచోటే. పిన్నుకున్న బలాన్ని రెట్టింపు అనుకుని సన్నగా చేయించింది. డ్రాయింగులో అంతా ఉంది, ఆమే చూడలేదు. ఎన్నిసార్లు వేసినా అదే తల, అదే తప్పు. అడిగే మనిషి లేదు.

కొత్త లావు రాసిచ్చి మేస్త్రీని పంపేసి, ఫోను తీసింది. తప్పు సంగతి చెబుదామనుకుంది. అవతల "అక్కా" అని వినపడగానే అదంతా పక్కకు పోయింది.

"వచ్చెయ్యవే," అంది.

"రాలేనక్కా. ఇక్కడ మొదటి లెక్క నాది. నా సంతకంతో వెళ్తుంది."

ఇన్నేళ్ళలో ఒక్క పిన్నయినా దాని చేతికి ముందుగా ఇచ్చానా అని పిన్ని వెతుక్కుంది. దొరకలేదు. సిగ్గేసింది.

"మరి నీకు రెండో లెక్క ఎవరు వేస్తారు?"

"ఎవరూ లేరు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఒక్కదాన్నే, భయంగా ఉంటుందక్కా."

"ఇప్పుడు చేతిలో ఉన్నది చెప్పు."

చెల్లెలు చెప్పింది. క్రేను కొక్కేనికి పిన్ను, ఎట్టి పరిస్థితుల్లోనూ తెగకూడనిది. ఎంత బరువో, ఏ ఇనుమో చెప్పింది గానీ తన జవాబు చెప్పలేదు. పిన్ని పెన్సిలు తీసింది. ముందు, ఎన్ని చోట్ల తెగుతుందని అడిగింది. అవతల చెల్లెలు ముక్కు ఎగబీల్చడం వినపడింది.

లెక్క అయ్యాక ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. కలిసింది.

"రేపు ఇంకోటుంది," అంది చెల్లెలు.

"ఫోను చెయ్యి. నేనుంటాను," అంది పిన్ని.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, చెల్లెలు వెళ్ళాక మొదటిసారిగా, ఒక్కరికి సరిపడా బియ్యం కడిగింది.