మెరుగుపడే పిల్లలు

కలకత్తా వాట్‌గంజ్‌లో మా చర్చి వెనక ఒక పొడవాటి గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన బెంచీలు, క్రిస్మస్ నక్షత్రాల పెట్టెలు పడేసేవారు. పాస్టరుగారిని బతిమాలి, దాన్ని ఖాళీ చేయించి, నేను డే సెంటర్ పెట్టాను. లేవలేని పిల్లలు, మాట్లాడలేని పిల్లలు, నోట్లో పెడితే గానీ తినలేని పిల్లలు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా మా దగ్గర ఉంటారు. తల్లులు ఆ వేళకి పనులకి పోతారు. తెలుగువాళ్లున్నారు, బిహారీలున్నారు, ఏక్‌బాల్‌పూర్ నుంచి వచ్చే ముస్లింలున్నారు. అందరూ నన్ను దీదీ అనే పిలుస్తారు, నాకంటే పెద్దవాళ్లు కూడా.

మా తమ్ముడు అలాంటి పిల్లాడే. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. అమ్మ తమ్ముణ్ణి వదిలి గడప దాటలేకపోయేది. సొంత చెల్లెలి పెళ్లికి శ్రీకాకుళం వెళ్లలేదు. తమ్ముడు పోయాక ఎక్కడికైనా వెళ్లొచ్చు గదా అంటే, "ఎక్కడికెళ్లాలో తెలీట్లేదే" అనేది. ఆ గది తెరవడానికి నాకున్న కారణం అదొక్కటే. అప్లికేషన్లలో 'మీ సంస్థ లక్ష్యం' అన్నచోట మాత్రం వేరే మాటలు రాస్తుంటాను.

మొదటినుంచీ మమ్మల్ని నిలబెట్టిన ట్రస్టు కిందటేడు ఆగిపోయింది. దాన్ని నడిపే పెద్దాయన పోయారు. ఆయన పిల్లలకి వేరే ఊళ్లలో వేరే పనులు. అప్పట్నుంచి కనపడిన ఫౌండేషన్‌కల్లా రాశాను. కొందరు జవాబే ఇవ్వలేదు. మీరు మరీ చిన్నవాళ్లు, ఇంకొంచెం పెరిగి రండి అన్నారు ఒకరు. పెరగడానికే గదా అడుగుతున్నది! ఇంకొకరి వెబ్‌సైట్‌లో రెండ్రోజులు కూర్చుని అన్నీ నింపి బటన్ నొక్కితే పేజీ మొత్తం ఖాళీ అయిపోయింది. మళ్లీ మొదటి గడి నుంచి నింపుతూ ఏడ్చాను. ఈలోగా ఒక ఆయాని మానిపించాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ చేసే ఆవిడ తనే మానేసింది. పోయేముందు పిల్లల కాళ్లు ఎలా చాపాలో నాకు నేర్పి వెళ్లింది.

చివరికి ఒక ఫౌండేషన్ వాళ్లు చూడ్డానికి వస్తామన్నారు.

ఆ మాట తెలిసిన రోజునుంచీ ఒక తల్లికి నిద్ర లేదు. ఆవిడ అలీపూర్ ఫ్లాట్లలో వంటపని చేస్తుంది, మా శ్రీకాకుళం వైపు మనిషే. కూతురికి పద్నాలుగేళ్లు. మెడ నిలవదు, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. వచ్చినవాళ్ల ముందు కూతురు చెంచా పట్టుకుంటే డబ్బు వస్తుందని ఎవరు చెప్పారో గానీ, రోజూ పనినుంచి రాగానే ఆ పిల్ల వేళ్ల మధ్య చెంచా పెట్టి, పైన తన చెయ్యి వేసి, నేర్పుతూ కూర్చునేది. నేను వద్దనలేదు. నాకూ లోపల ఆశే.

వచ్చిన ఆఫీసరు బెంగాలీ అమ్మాయి, చిన్న వయసే. కుర్చీ వేస్తే వద్దని పిల్లల పక్కన చాపమీద కూర్చుంది. ఒక్కొక్కరి గురించీ అడిగింది. వంటపని ఆవిడ కూతురి దగ్గరికి రాగానే తల్లి చెంచా తీసింది.

"పట్టుకో తల్లీ. నిన్న పట్టుకున్నావు గదా."

చెంచా జారి పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. కొత్తవాళ్లని చూసి పిల్ల ఇంకా బిగుసుకుపోయింది.

"నిజంగా పట్టుకున్నాదమ్మా! దీదీ, నువ్వు చెప్పు, నిన్న పట్టుకున్నాదా లేదా?"

"పట్టుకుంది" అన్నాను. నేను చూడలేదు.

ఆఫీసరమ్మాయి వంగి ఆ చెంచా తీసి పక్కన పెట్టింది. "పర్వాలేదు మాషీ" అంది, పిన్నిని పిలిచినట్టు. మరేమీ రాసుకోలేదు.

తర్వాత ఫోన్ వచ్చింది. డబ్బు ఇస్తారట. కానీ స్కూలుకి వెళ్లే స్థాయికి రాగల పిల్లలకే. ప్రాజెక్టు పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండు దాకా, ఆ వేళలో మిగతావాళ్లని గదిలో ఉంచకూడదు. "నేను బోర్డుని అడిగాను దీదీ. మెరుగుపడే పిల్లలకే అన్నారు" అంది. ఆ అమ్మాయి గొంతులోనూ సత్తువ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక తల్లులందరినీ గదిలో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తమ పిల్లలు ఉంటారని తెలిసినవాళ్లు తల ఎత్తలేదు. ఒకావిడ కొంగుతో ఊరికే నేల తుడుస్తూ కూర్చుంది. వద్దని రాసేస్తాను, అందరం కలిసే ఇంకేదైనా చూద్దాం అన్నాను. ఏం చూస్తామో నాకే తెలీదు. వచ్చే నెల ఆయాకి జీతం లేదు.

వంటపని చేసే ఆవిడే ముందు మాట్లాడింది.

"తీసుకో దీదీ. మా పిల్ల కోసం వీళ్లందరి పిల్లల్నీ ఇంటికి పంపీస్తావేటి?"

"మరి నీ పిల్ల?"

"నాకేటి తెల్దు. నువ్వైతే తీసుకో."

అలా అనేసి, కూతుర్ని భుజానికెత్తుకుని బయటికి నడిచింది. పిల్ల కాళ్లు ఆవిడ మోకాళ్లకి కొట్టుకుంటున్నాయి.

మర్నాడు ఆఫీసరమ్మాయికి ఫోన్ చేసి, మధ్యాహ్నం రెండింటి తర్వాత ఆ గదిని చర్చి పని కింద వాడుకోవచ్చా అని అడిగాను. "రెండు తర్వాత ఏం జరుగుతుందో మా కాగితాల్లో ఎక్కడా అడగలేదు దీదీ" అంది.

ఒప్పుకున్నాను. ఇప్పుడు పొద్దున్న మెరుగుపడే పిల్లలు, కొత్త టీచరు, రంగుల బొమ్మలు. రెండు దాటాక మిగిలినవాళ్లు. ఆ పూట జీతాలు ఎవరికీ లేవు. నేనూ, వంతులవారీగా ఇద్దరు తల్లులూ ఉంటాం.

వంటపని ఆవిడ తను పనిచేసే ఇళ్లవాళ్లని వేళ మార్చమని అడిగింది. ఒక ఇంట్లో సరేనన్నారు. మిగతాచోట్ల పొద్దున్నే కావాలన్నారు. అందుకని పొద్దుటిపూట పిల్ల ఇంట్లో ఒక్కతే పడుకుని ఉంటుంది. తల్లి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోతుంది. సెంటర్ తెరిచేముందు నేను వెళ్లి, నీళ్లు పట్టించి, పక్కకి తిప్పి వస్తాను. నేను రాలేని రోజు పక్కింటావిడ ఒకసారి తొంగిచూస్తుంది.

వానలు మొదలయ్యాక, కదలకుండా పడుకుని పడుకుని, ఆ పిల్ల నడుం దగ్గర ఎర్రగా కమిలింది. వారానికి పుండయింది. తల్లికి చూపించినప్పుడు పౌడరు ఏది వాడాలో అడిగి, పనికి వేళవుతోందని చెప్పులు వేసుకుంది. నేను ఆ పిల్లని పక్కకి తిప్పి, వీపు వెనక దుప్పటి మడత పెట్టి, ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను. సెంటర్ దగ్గర పిల్లలు వచ్చేసి ఉంటారని తెలుసు. లేవబుద్ధి కాలేదు.